ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు రెండు మాటలు చెప్తే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ: నార్మాక్సిక్ ట్రైమిక్స్ (ఆక్సిజన్, హీలియం, నైట్రోజన్ కలిపిన గ్యాస్) డైవింగ్ కోర్సు ఈ మధ్యే పూర్తయింది, త్వరలో 45 మీటర్ల లోతులో మునిగిన ఓడ మీద డైవ్ ఉంది, వీపు మీద 12 లీటర్ల సిలిండర్లు రెండు (ట్విన్‌సెట్), కింద 21/35 (21 శాతం ఆక్సిజన్, 35 శాతం హీలియం), పైకి వచ్చేటప్పుడు 21 మీటర్ల దగ్గర 50 శాతం ఆక్సిజన్ ఉన్న గ్యాస్, 6 మీటర్ల దగ్గర పూర్తి ఆక్సిజన్. కోర్సు చెప్పినాయన గ్రేడియంట్ ఫ్యాక్టర్లు (పైకి వచ్చేటప్పుడు ఎక్కడ, ఎంతసేపు ఆగాలో డైవ్ కంప్యూటర్ లెక్కగట్టడానికి మనం పెట్టే రెండు అంకెలు) 20/85 పెట్టుకో, డీప్ స్టాప్‌లు (లోతులోనే మొదలుపెట్టే ఆగుళ్ళు) వదలకు అన్నారు. ఇప్పుడు మీతో దిగబోయే సీనియర్ అది పాత చింతకాయ పచ్చడి, 50/70 పెట్టు అంటున్నారు. ఆపద కోసం దాచే గ్యాస్ ఒకరు 40 బార్ మిగిలితే చాలంటే ఇంకొకరు 70 కి తక్కువైతే ఒప్పుకోనంటున్నారు. మూడో ఆయనెవరో 45 మీటర్లకి హీలియం దండగ, మేం గాలి మీదే చేశాం అంటున్నారు. పీల్చే గ్యాస్‌లో ఆక్సిజన్ వాటా పీడనం 1.4 బార్ దాటకూడదని ఒకచోట, 1.6 దాకా పర్వాలేదని ఇంకోచోట చదివారు. లాంగ్ హోస్ (పక్కవాడికి గ్యాస్ ఇవ్వడానికి రెగ్యులేటర్‌కి పెట్టే పొడుగు గొట్టం) గురించి మళ్ళీ వేరే గొడవ. ఎవర్ని నమ్మాలి, టెన్షన్ వస్తోంది అన్నారు. రావాల్సిందే, అది రాకపోతే నేను మీ గురించి టెన్షన్ పడేవాణ్ణి.

ఎవర్ని నమ్మాలి అన్న ప్రశ్నని కాసేపు పక్కన పెట్టండి. వీళ్ళలో అబద్ధం చెప్తున్నవాళ్ళు ఎవరూ లేరు. ప్రతి సలహా ఏదో ఒక ప్రమాదాన్ని చూసి పుట్టింది, ఆ ప్రమాదం ఏదో తెలిస్తే అది మీ డైవ్‌కి వర్తిస్తుందో లేదో మీకే తెలుస్తుంది. నేను చేసేది అంతే. ఇంకోటి, మీరు రాసిన గొడవల్లో సగం అసలు గొడవలే కావు, ఒకే లెక్కలో వేర్వేరు అంకెలు వేసుకున్నారు.

గ్యాస్ రిజర్వ్ సంగతే చూడండి. 40 బార్, 70 బార్ అన్న ఇద్దరూ వాడింది ఒకే లెక్క. 45 మీటర్ల దగ్గర ఒకరి గ్యాస్ పూర్తిగా పోయింది, ఇద్దరూ ఒకే ట్విన్‌సెట్ మీద 21 మీటర్ల దాకా వచ్చి 50 శాతం సిలిండర్‌కి మారాలి. ఒక్కొక్కరూ నిమిషానికి 20 లీటర్లు పీలుస్తారనుకుందాం, అంటే ఇద్దరికీ 40. కింద తేరుకోవడానికి ఒక నిమిషం, అక్కడ పీడనం 5.5 బార్, కాబట్టి 220 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున 21 కి రావడానికి సుమారు మూడు నిమిషాలు, సగటున 4.3 బార్ దగ్గర, అది 516. గ్యాస్ మారడానికి ఒక నిమిషం 3.1 బార్ దగ్గర, 124. మొత్తం 860 లీటర్లు. మీ 24 లీటర్ల సిలిండర్లలో అది 36 బార్. సరే, మొదటాయన రైటే. ఇప్పుడు భయంలో ఉన్న మనిషి 20 కాదు 30 పీలుస్తాడనుకోండి, కింద తేరుకోవడానికి ఒకటి కాదు రెండు నిమిషాలు వేసుకోండి. 660, 774, 186. మొత్తం 1620 లీటర్లు, అంటే 68 బార్. రెండో ఆయనా రైటే.

కాబట్టి అడగాల్సింది 40 రైటా 70 రైటా అని కాదు. మీ పక్కవాడికి ఊపిరి అందనప్పుడు అతను నిమిషానికి 20 లీటర్లే పీలుస్తాడని మీరు నిజంగా నమ్ముతున్నారా? నేను నమ్మను. గ్యాస్ అయిపోయిన మనిషి కళ్ళు మాస్క్‌లోంచి ఎలా ఉంటాయో డ్రిల్‌లో కాకుండా నిజంగా ఒకసారి చూశాక 30 కూడా తక్కువేమో అనిపిస్తుంది. పైగా మునిగిన ఓడ దగ్గర వల చుట్టుకోవడం, లైన్ దొరక్కపోవడం మామూలే, ఒక నిమిషంలో అన్నీ సర్దుకుంటాయనుకోవడం అత్యాశ. 70 వేసుకోండి. మూడో వంతు రూల్ (పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ఆపదకి ఒక వంతు) కూడా మీకు ఎవరో చెప్పే ఉంటారు, 200 బార్‌లో మూడో వంతు 67, అనుకోకుండా అంకె దగ్గరగానే వచ్చింది కానీ దాని లెక్క వేరు. అది గుహల్లో పుట్టిన రూల్, నెత్తి మీద రాయి ఉంటే పైకి పోవడం కుదరదు, వచ్చిన దారినే వెనక్కి పోవాలి. గుహల్లో చనిపోయినవాళ్ళ ప్రమాదాలని గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ వరసపెట్టి పరిశీలించినప్పుడు మళ్ళీ మళ్ళీ కనిపించినవి మూడు: బయటికి తీసుకొచ్చే తాడు లేకపోవడం, తిరుగు ప్రయాణానికి సరిపడా గ్యాస్ మిగుల్చుకోకపోవడం, గాలి మీద మరీ లోతుకి పోవడం. రూల్ ఎక్కడ పుట్టిందో తెలిస్తే మీ ఓడ లోపలికి దూరే రోజున అది మళ్ళీ ఎందుకు పనికొస్తుందో కూడా తెలుస్తుంది.

ఇక అసలు గొడవ, డీప్ స్టాప్‌లు. ఇక్కడ నా పాత తప్పు కూడా చెప్పాలి కాబట్టి కాస్త పొడుగు అవుతుంది.

రిచర్డ్ పైల్ అని చేపల శాస్త్రవేత్త, లోతులో చేపలు పట్టి పైకి తెచ్చేవారు. పైకి వస్తుంటే చేపల గాలితిత్తి ఉబ్బి అవి చచ్చిపోతాయి కదా, అందుకని మధ్యలో లోతుగానే ఆగి ఆ గాలి తీసేవారు. అలా ఆగిన రోజుల్లో డైవ్ తర్వాత తనకి అలసట తక్కువగా ఉంటోందని గమనించారు. చాలా మంచి గమనిక. దానికి తోడు బుడగలు పుట్టకముందే లోతులో ఆగి వాటిని అణచాలి అని చెప్పే లెక్కలు, వీపీఎం, ఆర్‌జీబీఎం లాంటివి, వచ్చాయి. 1990ల చివర్లో, 2000ల మొదట్లో టెక్ డైవింగ్ నేర్చుకున్న మా తరం అందరికీ ఇదే వేదం. నేనూ అలాగే దిగాను, అలాగే నేర్పాను, డీప్ స్టాప్ చేయనివాళ్ళని చూసి పాపం అనుకున్నాను.

2011లో అమెరికా నేవీ ప్రయోగాత్మక డైవింగ్ యూనిట్ ఒక రిపోర్ట్ బయటపెట్టింది. 170 అడుగులు, అంటే దాదాపు 52 మీటర్లు, అక్కడ 30 నిమిషాలు, పైకి రావడానికి రెండు గుంపులకీ సరిగ్గా ఒకే సమయం, 174 నిమిషాలు. తేడా ఒక్కటే, ఒక గుంపు ఆ సమయాన్ని లోతు నుంచే ఖర్చుపెట్టడం మొదలుపెట్టింది, మొదటి స్టాప్ 70 అడుగుల దగ్గర. రెండో గుంపు 40 అడుగుల దాకా వచ్చి అక్కడ మొదలుపెట్టి పైనే ఎక్కువసేపు ఉంది. లోతుగా ఆగినవాళ్ళలో 198 డైవ్‌లకి 10 బెండ్స్ (ఒంట్లో కరిగిన గ్యాస్ బుడగలై వచ్చే జబ్బు), పైన ఆగినవాళ్ళలో 192 కి 3. మధ్యలో లెక్క చూసుకుని అక్కడితో ఆపేశారు. ఎందుకలా అయిందంటే, లోతులో ఆగినప్పుడు గ్యాస్‌ని త్వరగా వదిలే కణజాలాలు శుభ్రపడుతుంటాయి నిజమే, కానీ నెమ్మదిగా పీల్చుకునే కణజాలాలు అదే సమయంలో ఇంకా గ్యాస్ ఎక్కించుకుంటూనే ఉంటాయి. పైకి వచ్చాక ఆ బాకీ తీర్చడానికి సమయం మిగలదు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

దానికి నా స్పందన ఏంటో తెలుసా? వాళ్ళు గాలి మీద చేశారు, మేం ట్రైమిక్స్ మీద చేస్తాం. వాళ్ళు చల్లటి నీళ్ళలో కండలు కరిగేలా పని చేశారు. అలాంటి ప్రొఫైల్ ఎవరూ వాడరు. ఇవన్నీ కొంత నిజమే, ఇప్పటికీ కొందరు ఇవే అంటారు. కానీ నేను తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నట్టు కూర్చున్నాను తప్ప, నా పద్ధతికి అనుకూలంగా అలాంటి ప్రయోగం ఒక్కటైనా ఉందా అని ఎదురు ప్రశ్న వేసుకోలేదు. నా చేతిలో ఉన్నది డైవ్ తర్వాత హాయిగా ఉంటోంది అన్న అనుభూతి మాత్రమే. ఒకవైపు లోపాలున్న ప్రయోగం, రెండోవైపు నా ఒంటి హాయి. ఆ రెండింటినీ సమానంగా తూచడం తప్పని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఇప్పుడు మీ 20/85 సంగతి. మొదటి అంకె మొదటి స్టాప్ ఎంత లోతులో పడుతుందో చెప్తుంది, రెండోది నీళ్ళలోంచి బయటికి వచ్చేటప్పుడు బ్యూల్‌మన్ హద్దుకి (ఒళ్ళు ఎంత గ్యాస్ తట్టుకోగలదో కంప్యూటర్ లెక్క చెప్పే గరిష్ఠం) ఎంత దగ్గరగా వస్తారో చెప్తుంది. 20 అన్న చిన్న అంకె చూసి అబ్బో ఎంత జాగ్రత్త అనుకుంటాం. అది జాగ్రత్త కాదండీ, సమయాన్ని లోతుకి మళ్ళించడం. అసలు జాగ్రత్త రెండో అంకెలో ఉంది, అక్కడేమో 85. అంటే కింద తీరిగ్గా ఆగి, అవసరమైన పై స్టాప్‌లలో తొందరపడుతున్నారు. మీ సీనియర్ చెప్పిన 50/70 నాకు నచ్చింది. నేను వాడేది 50/75, చలిగా ఉంటేనో వరసగా మూడో రోజు దిగుతుంటేనో రెండో అంకె 70 కి దించుతాను. ఈ అంకెలు వేదం కాదు, 48 కి 52 కి తేడా ఎవరూ నిరూపించలేరు, కానీ 20 కి 50 కి తేడా మాత్రం ఉంది.

చలి అన్నాను కదా, ఒక పక్కమాట. అదే నేవీ యూనిట్ 2007లో ఇంకో ప్రయోగం చేసింది. కింద వెచ్చటి నీళ్ళలో ఉండి డీకోలో (పైకి వస్తూ స్టాప్‌ల దగ్గర ఆగే సమయంలో) చల్లగా ఉన్నవాళ్ళకి బెండ్స్ చాలా ఎక్కువ వచ్చాయి. దాన్ని తిరగేస్తే, అంటే కింద చల్లగా, డీకోలో వెచ్చగా ఉంటే, ఎక్కువసేపు కింద ఉన్నా కూడా చాలా తక్కువ. గ్రేడియంట్ ఫ్యాక్టర్ల మీద రాత్రంతా వాదించుకునేవాళ్ళు పొద్దున్నే హీటెడ్ వెస్ట్‌ని దిగగానే ఫుల్‌గా ఆన్ చేసి, బ్యాటరీ అయిపోయాక డీకోలో వణుకుతూ వేలాడుతుంటారు. మీకు వెస్ట్ ఉంటే కింద ఆఫ్‌లోనో బాగా తక్కువలోనో ఉంచి, పైకి వచ్చేటప్పుడు పెంచండి.

"నేను 300 డైవ్‌లు ఇలాగే చేశాను, ఒక్కసారి కూడా ఏమీ కాలేదు" అని ఎవరో అన్నారని రాశారు. చిన్న లెక్క చెప్తాను. ఒక ప్రమాదం ఎన్నిసార్లు చేసినా ఒక్కసారీ జరగలేదంటే, 3 ని ఆ సంఖ్యతో భాగించండి, అసలు ప్రమాదం అంత దాకా ఉండొచ్చని 95 శాతం నమ్మకంతో అనుకోవచ్చు. 300 డైవ్‌లకి సున్నా అంటే నూటికి ఒకటి దాకా ఉండొచ్చు. నూటికి ఒకసారి బెండ్స్ వచ్చే పద్ధతిని మీరు ఒప్పుకుంటారా? పైగా ఆ 300 లో నిజంగా 45 దాటినవెన్ని, డీకో గంట దాటినవెన్ని అని అడిగితే సంఖ్య ఎంతకి పడిపోతుందో చూడండి. అనుభవం విలువలేనిదని కాదు. రెగ్యులేటర్ ఎలా పాడవుతుంది, అలల్లో స్టేజ్ సిలిండర్ (పక్కన తగిలించుకునే అదనపు సిలిండర్) ఎలా విప్పాలి, భయపడ్డ మనిషిని ఎలా పట్టుకోవాలి, ఇలాంటివి అనుభవజ్ఞుల దగ్గరే నేర్చుకోవాలి, అవి వాళ్ళు వందలసార్లు కళ్ళారా చూసినవి. బెండ్స్ లాంటి అరుదైన విషయంలో మాత్రం ఒక్క మనిషి జీవితకాలం సరిపోదు.

45 మీటర్లకి హీలియం దండగ అన్న పెద్దాయనకి వద్దాం. ఈ ఒక్కచోట నేను మొహమాటం లేకుండా చెప్తాను, వినకండి. ఇదివరకు దీన్ని లోతులో నైట్రోజన్ ఎక్కించే మత్తు గొడవగా చూసేవాళ్ళం, నాకు ఎక్కదు, నాకు అలవాటే అని ఎవరికి వాళ్ళు చెప్పుకునేవాళ్ళు, ఆక్సిజన్ మత్తెక్కిస్తుందా లేదా అని ఇంకో ఉపవాదం. ఇప్పుడు ఆ వాదం తేలాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే గ్యాస్ సాంద్రత అన్న కొలత ఉంది. పరిశోధకులు ఆంథనీ, మిచెల్ 2016లో సూచించిన హద్దులు లీటరుకి 5.2 గ్రాములు, ఎట్టి పరిస్థితుల్లోనూ 6.2 దాటొద్దు. గాలి మొదటి హద్దుని సుమారు 31 మీటర్ల దగ్గర, రెండోదాన్ని 39 దగ్గర తాకుతుంది. 45 లో దాదాపు 7. చిక్కటి గ్యాస్‌ని ఊపిరితిత్తులు సరిగ్గా ఆడించలేవు, కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుపోతుంది, దానితో మత్తూ పెరుగుతుంది, ఆక్సిజన్ విషప్రభావమూ త్వరగా వస్తుంది, కంగారు మొదలవుతుంది, కంగారుపడితే ఇంకా గట్టిగా పీలుస్తారు. మీ 21/35 అదే 45 మీటర్ల దగ్గర సుమారు 5.0. అలవాటు వల్ల మత్తు తెలియకపోవచ్చేమో గానీ గ్యాస్ పలచబడదు కదా.

1.4, 1.6 గొడవ తేలిక. కింద ఈదుతూ పని చేసేటప్పుడు 1.4, డీకోలో కదలకుండా వేలాడేటప్పుడు 1.6. రెండూ రైటే, డైవ్‌లో రెండు వేర్వేరు భాగాలకి. అమెరికా సముద్ర సంస్థ నోవా పట్టికలో 1.6 కి ఒక డైవ్‌లో 45 నిమిషాలు, 1.4 కి 150 నిమిషాలు. 6 మీటర్ల దగ్గర పూర్తి ఆక్సిజన్ అంటే సరిగ్గా 1.6, 21 దగ్గర 50 శాతం అంటే 1.55. అలల్లో ఆరున ఆగలేక ఎనిమిదికి జారుతుంటే అది 1.8, అప్పుడు మాత్రం ఆక్సిజన్‌కి మారకుండా 50 శాతం మీదే ఉండి సమయం పొడిగించుకోవడం మేలు. ఇక్కడ తూకం ఎలా వేయాలంటే, డీకో కొంచెం తక్కువై బెండ్స్ వస్తే పైన ఆక్సిజన్ ఉంది, మళ్ళీ పీడనం పెట్టి నయం చేసే చాంబర్ ఉంది, డాక్టర్లున్నారు. నీళ్ళలో ఫిట్స్ వస్తే రెగ్యులేటర్ నోట్లోంచి జారుతుంది, అంతే, మునక. రెండు సలహాలు కొట్టుకుంటున్నప్పుడు ఏది తప్పైతే మళ్ళీ దిద్దుకోలేమో దాని వైపు నుంచి ఆలోచించండి. అందుకే సిలిండర్‌లో ఏముందో మీరే కొలిచి, దాని మీద లోతు పెద్ద అక్షరాల్లో రాసి, మారేటప్పుడు పక్కవాడు ఆ అక్షరాలు చదివి తలూపేదాకా రెగ్యులేటర్ నోట్లో పెట్టుకోకండి. ఈ విషయంలో రెండో అభిప్రాయం ఉన్న ఇన్‌స్ట్రక్టర్‌ని నేనింతవరకు చూడలేదు.

ఇదే తూకం నా ఒంటి మీద ఒకసారి తప్పింది. డీప్ స్టాప్‌ల కాలంలోనే, వరసగా రెండు డైవ్‌లు చేసి బోటు ఎక్కాక ఎడమ భుజం సలపడం మొదలైంది. సిలిండర్లు మోశాను కదా అనుకున్నాను. బోటు మీద ఒకరు వెంటనే ఆక్సిజన్ పీల్చు అన్నారు, ఇంకొకరు కాసేపు చూద్దాంలే అన్నారు, నాకు రెండోదే వినిపించింది. ఎందుకంటే మర్నాడు కూడా డైవ్ ఉంది. అనవసరంగా ఆక్సిజన్ పీలిస్తే పోయేది ఒక సిలిండర్, ఆగి చూడటం తప్పైతే పోయేది చెయ్యి. ఆ లెక్క బోటు మీద ఎవరికైనా చెప్పగలిగేవాణ్ణి, నాకు నేను చెప్పుకోలేకపోయాను. తెల్లారేసరికి చెయ్యి పైకి లేవలేదు, చాంబర్‌లో తేరుకున్నాను. కాబట్టి సలహాల్లో మనకి కావాల్సిందే మన చెవికి ఇంపుగా వినిపిస్తుందని గుర్తుపెట్టుకోండి, మీ సీనియర్ 50/70 అన్నారని నేను మెచ్చుకున్నాను, అది నేను వాడేదానికి దగ్గరగా ఉండటం వల్ల కూడా కావొచ్చు.

లాంగ్ హోస్ మీద నాకు పెద్దగా వాదించే ఓపిక లేదు. గ్యాస్ లేనివాడు మీ నోట్లో ఉన్నదాని కోసమే చెయ్యి చాపుతాడు, అది పనిచేస్తోందని అప్పటికే తెలుసు, కాబట్టి అదే ఇచ్చి మీరు మెడలో వేలాడే రెండో రెగ్యులేటర్ పెట్టుకోండి. అంతకన్నా ముఖ్యం మీ ఇద్దరూ ఒకే పద్ధతి వాడటం, దిగేముందు లోతు తక్కువ నీళ్ళలో, అంటే ఐదారు మీటర్లలో, ఒకసారి చేసి చూసుకోవడం.

సలహా ఇచ్చేవాళ్ళని అంచనా వేయడానికి నేను వాడే చిట్కా ఒకటుంది. గత పదేళ్ళలో ఏ విషయంలో మనసు మార్చుకున్నారు, ఎందుకు, అని మాటల్లో పెట్టి అడుగుతాను. టకటకా రెండు మూడు చెప్పి కారణాలు వివరించేవాళ్ళ మాట, నాకు నచ్చకపోయినా, శ్రద్ధగా వింటాను. నేను మొదట్నుంచీ ఇదే చెప్తున్నా అనేవాళ్ళ దగ్గర గేర్ సర్దడం నేర్చుకుంటాను, డీకో నేర్చుకోను. మీ కోర్సు ఇన్‌స్ట్రక్టర్‌ని ఆ 2011 రిపోర్ట్ గురించి గౌరవంగానే అడగండి. చదివి కూడా 20 వాడుతున్నానంటే ఆయన కారణం వినండి, అసలు వినలేదంటే అదీ ఒక జవాబే.

చివరగా, మీరు 50/70, మీ టీమ్‌లో ఇంకొకరు 20/85 పెట్టుకుని దిగితే ఏమవుతుందన్నారు. ఇది మాత్రం చేయకండి. మొదటి స్టాప్ దగ్గరే విడిపోతారు, ఆయన లోతులో ఆగుతారు, మీ కంప్యూటర్ పైకి రమ్మంటుంది, గ్యాస్ పంచుకోవాల్సిన ఇద్దరి మధ్య నీళ్ళుంటాయి. ముందు రోజు కూర్చుని రెండు కంప్యూటర్లలో ఒకే అంకెలు పెట్టి, ప్లాన్ వేసి, మొత్తం సమయం రెండింట్లో దాదాపు కలుస్తోందో లేదో చూసుకోండి. 50 శాతం సిలిండర్ పోతే ఎంతసేపు, ఆక్సిజన్ పోతే ఎంతసేపు అన్నది కూడా తీసి స్లేట్ మీద రాసుకోండి. బోటు మీద ఎవరైనా ఒప్పుకోకపోతే ఎక్కువ డీకో కావాలన్నవాళ్ళ అంకెలే టీమ్ అంకెలు, అక్కడ ఓట్లు లేవు. ఆరు మీటర్ల దగ్గర ఒకరి కంప్యూటర్ ముందే వదిలేసినా, రెండోవాళ్ళది అయ్యేదాకా ఇద్దరూ ఆ తాడు పట్టుకునే ఉండండి.